ఐరాలకు మోసుకెళ్లిన చాక్లెట్

అక్కకు బీపీ అని తెలిసినప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఫోన్లో వచ్చే ఆరోగ్య సలహాలన్నీ చదివి, అడగకపోయినా నలుగురికీ పంచే మనిషిని నేను. డార్క్ చాక్లెట్ రోజుకో ముక్క తింటే గుండెకు మంచిదని చదివాను. నేనుండే తిరుపతిలో పెద్ద కొట్టుకు పోయి, చక్కెర తక్కువున్నది చూసి ఒకటి కొన్నాను.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు కాణిపాకం బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకున్నాను. ఆ పూట ఎడమవైపు సీటు వద్దు, ఎండ కొడుతుంది. కాణిపాకంలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో అక్క ఉండే ఐరాల చేరాను.

వాకిట్లోనే అక్క, ఆమె కుక్క మణి ఎదురొచ్చారు. అక్క ఏది తిన్నా మణికి ఒక ముద్ద పెట్టనిదే తను నోట్లో పెట్టుకోదు. నేనిచ్చిన చాక్లెట్ మాత్రం రుచి చూద్దామని అక్కే ముందు కొరికి మొహం చిట్లించింది.

"ఏం మే, ఏపాకు మాదిరి ఉండాది!"

"చేదే మందక్కా. గుండెకు మంచిది," అన్నాను, పెద్ద డాక్టర్ లాగా.

నేను స్నానం చేసి వచ్చేసరికి సగం చాక్లెట్ లేదు.

"మణికి పెట్టినాను. అదీ ముసిల్దైపాయె, నాలుగడుగులేస్తే రొప్పతా ఉండాది. దానికి మాత్రం గుండె లేదా?" అంది అక్క. ఇద్దరం నవ్వుకున్నాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మణి ఒకచోట కూర్చోలేకపోయింది. వాంతి చేసుకుంది, తర్వాత కాళ్లు వణకడం మొదలైంది. అనుమానంతో ఫోన్ తీశాను. కుక్కలకు చాక్లెట్ విషమట, ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదమట. గుండెకు మంచిదని చెప్పింది కూడా ఈ ఫోనే.

చెప్పక తప్పలేదు. అక్క నన్ను తిట్టలేదు. "నా చేత్తోనే పెట్టినాను గద మే," అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఊళ్లో పశువుల దవాఖానా మూసి ఉంది. తిరుపతిలో పశువుల పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే వెంటనే తెమ్మన్నారు. మణిని ఎత్తుకుని బస్సు ఎక్కబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీకు టికెట్టు లేదు సరేమా, కుక్కకు సోటే లేదు." చివరికి తిరుపతికి బెల్లం మోసుకుపోతున్న ఆటో డ్రైవరు ఆగాడు. "ఎక్కండక్కా, మూటల పక్కన కూసోండి."

మణి రొమ్ము మీద చెయ్యి వేసి కూర్చున్నాను. లోపల గుండె ఆగకుండా దడదడలాడుతోంది. దారి పొడుగునా అక్క ఒకటే అడిగింది.

"ఉండాదా మే?"

"ఉంది."

అలా అంటున్నప్పుడల్లా మళ్లీ అడిగేసరికి ఉంటుందో ఉండదో అని భయమేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ విషాన్ని పీల్చే బొగ్గు మందు తాగించి సెలైన్ ఎక్కించింది. "మనకు అరిగేది దీనికి అరగదమ్మా. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను," అంది. అక్క నేల మీద కూర్చుని మణి కాలు పట్టుకుంది. పొద్దు వాలే వేళకు మణి నీళ్లు తాగి తోక ఆడించింది. అక్క అప్పుడు ఏడ్చింది.

"మరి నేనేం తినాలమ్మా?" అని అడిగింది తర్వాత, తన బీపీ సంగతి చెప్పి.

"బీపీ మాత్ర మానొద్దు, ఉప్పు తగ్గించండి. చాక్లెట్టే తినాలని లేదు. గుప్పెడు చెనక్కాయలు, జామకాయ చాలు. ఉప్పు లేని చెనక్కాయ రెండు మణికీ పెట్టొచ్చు."

ఆ రాత్రికి మా ఇంట్లో ఉంచి, మర్నాడు అదే ఆటోలో అక్కను, మణిని ఐరాలకు తీసుకెళ్లాను. చంద్రగిరి దాటాక అక్క ఉప్పు లేకుండా వేయించిన చెనక్కాయల పొట్లం విప్పింది. ఒక కాయ ఒలిచింది. అలవాటుగా చెయ్యి మణి వైపు పోయి, మధ్యలో ఆగింది.

"పెట్టొచ్చునా మే?"

డాక్టరమ్మ తన నోటితోనే చెప్పింది, నేనే విన్నాను. అయినా, ఊరందరికీ సలహాలు పంచే నాకు "పెట్టు" అనడానికి నోరు రాలేదు.

అక్క ఆ గింజను తనూ తినలేదు. పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఐరాల వచ్చేదాకా మణి ఆ పొట్లం వైపే చూస్తూ కూర్చుంది.