నాగలత కొన్న ఆట రిమోట్

మా తోడికోడలు నాగలత గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బూర్గంపాడులో మా వీధివాళ్లకు ఆమె గొంతు ఎట్లా ఉంటుందో కూడా సరిగా తెలియదు. అటువంటిది భద్రాచలం బజారులో అంత పని చేసిందంటే నేనే నమ్మలేకపోయాను.

నాగలత భర్త, మా మరిది వెంకటకృష్ణ చేలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాక, మామయ్య గది దాటి రావడం మానేశారు. అంతకుముందు పొలం నుంచి రాగానే తండ్రీకొడుకులు కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల పందెం ఆడేవాళ్లు. మామయ్య కీబోర్డు మీద, మరిది చేతి రిమోట్ మీద.

"ట్రాక్టరు తోలినట్టు తోలుతవేంది నాన్నా!"

"ముందు నువ్వు గోడకు గుద్దకుండ తోలురా!"

ఒకటే గోల. ఆ చోట తను కూర్చుంటే పెద్దాయన మళ్లీ మనుషుల్లో పడతారని నాగలత ఆశ. పాత రిమోట్ పాడైతే భద్రాచలంలో కంప్యూటర్ సామాన్లమ్మే పర్వేజ్ దుకాణంలో కొత్తది కొన్నది. ముందు తను నేర్చుకుందామని ఒక్కతే మొదలుపెట్టింది.

తెర మీద త్రికోణం, గుండ్రం నొక్కమని వస్తోంది. పాతదాని మీద ఆ గుర్తులే ఉండేవి. కొత్తదాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. తోచింది నొక్కితే కారు వెనక్కి పోయింది.

మర్నాడే గోదావరి వంతెన దాటి వెళ్లి, గిరాకీలందరి ముందు దాన్ని బల్ల మీద పడేసింది.

"మొగుడు లేనిదాన్ననేగా పనికిరానిది అంటగట్టినవ్!"

పర్వేజ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తన కంప్యూటర్‌కు తగిలించాడు.

"ఈ ఆట ముందు టీవీకి పెట్టే డబ్బా కోసం చేసిండ్రక్కా. కంప్యూటర్‌లకు తెచ్చినా ఆ గుర్తులే ఉంచిండ్రు. గుర్తు కాదు, చోటు చూడాలె. త్రికోణమంటే పైది. గుండ్రం కుడిది. చతురస్రం ఎడమది. ఇంటూ కిందది. నొక్కు."

కిందది నొక్కగానే కారు ముందుకు దూసుకుపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాగలత రిమోట్ కొంగులో చుట్టుకుని బయటపడింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చివరికి మామయ్య గది గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పింది.

"గా సంగతి నాకు తెల్వదా? నన్నడిగితే పోయేది గదా," అన్నారాయన. "ఆ పిలగానికి ఏం చెప్పొచ్చినవ్?"

"ఏం చెప్పలే మామయ్యా. తలకాయ ఎత్తలేకపోయిన."

"నలుగుర్ల అన్నవ్, నలుగుర్లనే చెప్పాలె. రేపు పోదాం, నేనొస్త."

మర్నాడు పొద్దున, అన్నాళ్లకు ఆయన చెప్పులేసుకున్నారు. ఇద్దరూ ఆటోలో వెళ్లారు.

దుకాణం నిండా జనం. "నిన్న నేనన్నది తప్పు తమ్ముడూ. నువ్వు మంచి సరుకే ఇచ్చినవ్," అని నాగలత అందరూ వినేట్టు చెప్పింది. ఎవరీమె అన్నట్టు గిరాకీలు చూశారు.

"ఊకో అక్కా, గా మాట నేను నిన్ననే మర్చిపోయిన," అంటూ పర్వేజే తల దించుకున్నాడు.

తిరుగు దారిలో ఆమె మామయ్యను ఒకటే అడిగిందట.

"నిన్నటోళ్లు ఒక్కలు గూడ లేరు మామయ్యా. ఆళ్లకెవరు చెప్తరు?"