నరసింహం గారి షాపు మెట్ల మీద సుగుణ

మా చిన్నప్పుడు ఏ పుస్తకం చదవాలో మేం తేల్చుకునేవాళ్లం కాదు... నరసింహం గారు తేల్చేవారు.

డెబ్బైల్లో విజయవాడ ఏలూరు రోడ్డులో ఆయనది పుస్తకాల షాపు. మద్రాసు నుంచి పిల్లల నవలల కట్ట రైల్లో దిగిందంటే ఆ ఆదివారం మేమంతా అక్కడే. గోనెపట్టా విప్పి, ఒక్కొక్కడి మొహం చూసి, ఒక్కో పుస్తకం చేతిలో పెట్టేవారు. నీకిది నచ్చుతుందిరా అంటే నచ్చేది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆడపిల్లల మొహాలు మాత్రం చూసేవారు కాదు. అందరికీ ఒకటే రకం... బుద్ధిమంతురాలైన అమ్మాయి, ఆమెకు జరిగిన మేలు.

సుగుణ మా పక్కింటి అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో గార్డు. ఇద్దరం ఏడో తరగతి. ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా షాపుకొచ్చింది. కొత్త కట్టలో ఒక నవల అట్ట మీద తుఫానులో చిక్కుకున్న ఓడ బొమ్మ ఉంది. అది తీసుకుంది. నరసింహం గారు ఆమె చేతిలోంచి లాక్కుని నా చేతిలో పెట్టారు.

"ఇది మగపిల్లలదమ్మా. చదివి నువ్వేమన్నా ఓడ నడుపుతావా?"

షాపంతా నవ్వింది. సుగుణ ఏడవలేదు. ఆయనిచ్చిన బుద్ధిమంతురాలిని బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ వారమంతా బళ్లో మగపిల్లలు ఆమెను 'కెప్టెన్ గారూ' అని పిలిచారు.

ఆ నవల నేను చదవకముందే ఆమెకిచ్చాను. మా అరుగు మీద కూర్చుని చదివేసింది. బాగుందనో లేదనో చెప్పలేదు. ఇవి ఆయన దగ్గర ఇంకా ఉన్నాయా అని మాత్రం అడిగింది.

పై ఆదివారం కీర్తనల పుస్తకం చేత్తో పట్టుకుని షాపు మెట్ల మీద నిలబడింది. ఆ నవల కోసం వచ్చిన ప్రతి కుర్రాడికీ ఎంతో మర్యాదగా చెప్పింది... లైటుహౌసు కాపలా ముసలాయనే దొంగ, చివర్లో ఓడ మునిగిపోతుంది, కుక్క ఒక్కటే బతుకుతుంది. కొందరు చెవులు మూసుకుని లోపలికి పరిగెత్తారు. వాళ్లకు గట్టిగా చెప్పింది. మిగతావాళ్లు మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పోయారు.

నరసింహం గారు బయటికొచ్చి ఏం చేస్తున్నావని అడిగారు.

"ఏ పుస్తకం కొనాలో చెబుతున్నానండీ. మీలాగే."

ఆయన గార్డు గారింటికి వెళ్లి ఫిర్యాదు చేశారు. గార్డు గారు అంతా విని, మా అమ్మాయి కథ తప్పుగా చెప్పిందాండీ అని అడిగారట. సరిగ్గానే చెప్పిందని ఈయన ఒప్పుకోవాల్సొచ్చింది.

తర్వాతి కట్టకీ అంతే. నేను కొనడం, ఆమె చదవడం, మెట్ల మీద నిలబడడం. నాకూ మహా సంతోషంగా ఉండేది.

చివరికి ఆయనే దిగొచ్చారు. అడవిలో దారి తప్పిన పిల్లల నవల ఒకటి తీసి, నీ కోసం పక్కన పెట్టానమ్మా అన్నారు. సుగుణ చెయ్యి చాచలేదు.

"ఆ రోజు అందరి ముందూ అన్నారు కదండీ. ఇదీ అందరి ముందే అనండి."

షాపు నిండా జనం. ఆయన గొంతు సవరించుకుని, పుస్తకాలు ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా ఒకటేనన్నారు. సుగుణ థాంక్స్ చెప్పి పుస్తకం తీసుకుంది.

ఆ పై ఆదివారం మళ్లీ మెట్ల మీద నిలబడి, పిల్లల్ని అడవిలోకి పంపింది వాళ్ల బాబాయేనని అందరికీ చెప్పేసింది. అదేమిటి, రాజీ అయింది కదా అన్నాను.

"థాంక్స్ పుస్తకానికి. ఇది నవ్వించినదానికి."

పెద్దయ్యాక మాకు పెళ్లయింది. రెండిళ్లలో జరిగిన గొడవ ఇక్కడ అనవసరం. మా అమ్మాయికి పుస్తకాలు కొనాల్సొచ్చినా సుగుణ ఆ షాపు గడప తొక్కనివ్వలేదు. క్షమించెయ్యొచ్చు కదా అని నేనెప్పుడూ అనలేదు. నేనూ క్షమించలేదు.

కిందటేడు సుగుణ పోయింది.

మొన్న ఏలూరు రోడ్డుకెళ్తే ఆ షాపు లేదు. అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాకు బాధ కలగలేదు... ఈ కబురు వింటే సుగుణ ఎంత సంతోషిస్తుందో అనుకుంటూ ఆటో ఎక్కాను. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర గుర్తొచ్చింది.

ఇప్పుడు ఏ పిల్లనీ ఈ పుస్తకం ముట్టుకోకు అనేవాళ్లు లేరు. ఒక పుస్తకం కోసం మెట్ల మీద నిలబడి పోట్లాడే పిల్లలూ కనబడరు.

మీ చేతిలోంచి ఎప్పుడైనా ఎవరైనా పుస్తకం లాక్కున్నారా... రాయండి. వాళ్ల మీద జాలిపడకుండా రాయండి.