నక్షత్రంలో తాళంచెవి

సాలూరులో రూబీ క్రిస్మస్ ఆరాధనకు వెళ్తూ, ఏటా లాగే తాళంచెవిని వసారాలో వేలాడే కాగితపు నక్షత్రంలో దాచింది. లారీ తోలే తమ్ముడు విక్టర్ ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ చోటు అతనికొక్కడికే తెలుసు.

తిరిగొచ్చేసరికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నక్షత్రంలోనే ఉంది. బీరువాలో అమ్మ గొలుసు లేదు. తమ్ముడి కోసం వండి ఉంచిన కోడికూరకు మూత కూడా తీయలేదు.

"తాళం బద్దలవలేదు. తాళంసెవి ఎక్కడుంటాదో ఎవులికి తెలుసమ్మా?" అని ఇరుగుపొరుగు పిలిచిన కానిస్టేబుల్ అడిగాడు.

"ఎవులికీ తెలీదు బాబూ. నేనే తాళం ఎయ్యడం మర్సిపోనాను."

"పండగపూట ఇల్లలా వదిలెల్తారేటమ్మా?"



మర్నాడు బయటికెళ్తూ తాళం వేశాక, చెయ్యి అలవాటుగా నక్షత్రం దాకా వెళ్లింది. రూబీ చెయ్యి వెనక్కి తీసుకుని, తాళంచెవిని కొంగున ముడేసుకుంది.