బావ డబ్బాలో అమ్మ తిట్లు

మా అక్క మొగుడు ఏదీ బాగుచేయడు. కుర్చీ కాలు ఊగితే కుర్చీనే మార్చేద్దామంటాడు. ఆయన ఉద్యోగమే అంత లెండి. వెబ్‌సైటునూ, దానికి కావలసిన సరంజామానూ కంటెయినర్ అనే ఒక సాఫ్ట్‌వేర్ డబ్బాలో సర్ది, అద్దెకు తీసుకున్న సర్వర్ కంప్యూటర్ మీద నడిపిస్తాడు. ఏదైనా మార్చాలంటే ఆ కంటెయినర్ని పారేసి కొత్తది పెడతాడు. అందుకే నేను డబ్బాల బావ అంటాను. మరదలిని కదా, ఆ మాత్రం హక్కుంది.

మా అమ్మకు గొంతు ఆపరేషన్ ఖాయమైంది. ఆ తర్వాత మాట రాదని డాక్టరు చెప్పేశాడు. అమ్మ నోరంటే ఇంటిల్లిపాదికీ హడల్. అయినా ఆ గొంతు ఇక వినిపించదంటే నాకు ఏడుపు ఆగలేదు. బావే ఒక వెబ్‌సైటు తయారుచేశాడు. అమ్మ ఫోన్లో మాట్లాడితే చాలు, అది రికార్డు చేసి దాచుకుంటుంది. వారం పాటు అమ్మ పాటలు పాడింది, మా చిన్నప్పటి సంగతులు చెప్పింది, అందరినీ దీవించింది.

ఆస్పత్రికి బయల్దేరాల్సిన రోజు పొద్దున బావకు ఆ పేజీ రంగు నచ్చలేదు. పాత కంటెయినర్ తీసేసి, ఆకుపచ్చ పేజీతో కొత్తది పెట్టాడు. రంగు బ్రహ్మాండం. లోపల ఒక్క మాట లేదు! రికార్డింగులన్నీ పారేసిన కంటెయినర్లోనే ఉన్నాయట. దాచాల్సినవి బయట, సర్వర్ డిస్కులో పెట్టాలని ఆఫీసులో కొత్తవాళ్లకు రోజూ క్లాసు పీకే మనిషి, ఇంటి పనే కదా అని ఆ ముక్క వదిలేశాడు.

"ఇంకో కాపీ లేదా బావా?"

"ఇవాళ తీద్దామనుకున్నా..."

"నీ మొహం! కొంప ముంచావు కదా!"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు డిస్కు తగిలించాడు. కంటెయినర్ తీసి, పెట్టి, తన గొంతు రికార్డు చేసి అది నిలుస్తోందో లేదో ఒకటికి పదిసార్లు చూసుకున్నాడు. తర్వాత వెళ్లి, బ్యాగు సర్దుకుంటున్న అమ్మ ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యా, పేజీకి మంచి రంగు వేద్దామని అన్నీ పోగొట్టాను. తప్పు నాదే." రికార్డింగ్ నొక్కి, ఫోన్ ముందుకు చాచాడు.

కింద కారు హారన్ కొడుతోంది. పాటలకు తీరికెక్కడిది? అమ్మ అందుకుంది.

"ఏమయ్యా అల్లుడూ! నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నా మాటలన్నీ గంగలో కలిపి, రంగు బాగుందంటావా? నీకు పిల్లనిచ్చినందుకు నన్ననాలి! ఆ ఏడుపెందుకు మళ్లీ? కళ్లు తుడుచుకో. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా, లేదా?"

ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మ గొంతు వినాలంటే ఇప్పుడు మాకున్నది ఆ తిట్లే. మేం పడీపడీ నవ్వుతూ వింటాం, అమ్మ కూడా వింటుంది. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి బావ ప్రతిసారీ లేచి నిలబడి, "తిన్నానత్తయ్యా" అంటాడు.