నూలు ముద్దలో దాచిన నెత్తురు

వైండింగ్ ఇంజన్ డ్రైవరుకు కూర్చోవడమే ఉద్యోగం. గనిలోకి మనుషులను దించే ఇనుప బోను ఉంటుంది, దాన్ని మేము కేజీ అంటాం. దాని తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్మును నడిపేవాడే డ్రైవరు. చెవులు గంట మీద, కళ్లు లోతు చూపించే ముల్లు మీద, చేయి లివరు మీద పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చోవాలి. కేజీ కదిలేటప్పుడు ఒక గంట కొడితే ఆపాలి. మూడు కొడితే అందులో మనుషులున్నారని అర్థం. ఆ మూడు గంటలు విన్నాక తుమ్ము వచ్చినా మింగేసేవాణ్ణి.

అలాంటివాడికి కూర్చునే చోటే బాధ పుడితే ఎవరితో చెప్పుకోవాలి?

మా బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన కొన్నేళ్లకు నాకు ఆ సీటు దొరికింది. మా నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి, బతుకంతా భూమి కింద రాయి కొట్టిన మనిషి. కొడుకు పైన గాలిలో, వెలుతురులో కూర్చుని పని చేస్తాడని ఆయన మేముండే గని ఇళ్ల వరుసలో, లైను లైనంతా, చెప్పుకున్నాడు. ఆ సీటు పోతే ఆయన ముఖం ఎలా చూడాలన్నది నా మొదటి భయం. రెండో భయం పేరు నేను ఎవరి ముందూ ఎత్తలేదు. వెనక లైనులో ఒకాయన మలంతో నెత్తురు పోయి, పోయి, చివరికి పేగులో రాచపుండని తేలి చనిపోయాడు. ఆయన ఇంటి ముందు నుంచి నడవడం మానుకుని చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మొదలైంది ఒక ఉదయం, లైనుకంతా ఉమ్మడిగా ఉన్న మరుగుదొడ్డిలో. కత్తితో కోసినట్టు నొప్పి. కింద చూస్తే ఎర్రగా చుక్కలు. బయట చెంబులు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. "లోపల నిద్రపోయినావా అప్పా, మాకూ షిఫ్టు ఉండాది!" అని ఒకడు అరుస్తున్నాడు. ఉన్న నీళ్లన్నీ పోసి, ఏమీ జరగనట్టు ముఖం పెట్టుకుని బయటికి వచ్చాను. తేలు కుట్టిన దొంగ అంటారే, అచ్చం అదే నడక.

ఆ నొప్పికి భయపడి తిండి తగ్గించాను. తినకపోతే వెళ్లే పనే ఉండదని నా తెలివి. తినకపోయేసరికి మలం రాయిలా గట్టిపడింది, నొప్పి రెట్టింపయింది. కొన్నాళ్లకు నొప్పి లేని రోజుల్లో కూడా నెత్తురు పడడం మొదలైంది. కామసముద్రంలో ఒక నాటువైద్యుడు మొలలకు ఉంగరం ఇస్తాడని విని, బస్సెక్కి పోయి తెచ్చుకుని వేలికి తొడుక్కున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు శనికి అని చెప్పాను. శని మాట అబద్ధం కాదేమో.

బట్టలకు మరక అంటకుండా ఒక ఉపాయం కనిపెట్టాను. ఇంజన్లు తుడవడానికి బస్తాల్లో తెల్లటి నూలు చిక్కులు వస్తాయి, వాటిని మేము వేస్టు అంటాం. షిఫ్టుకు ముందు గుప్పెడు వేస్టు తీసి నిక్కరులో పెట్టుకునేవాణ్ణి. డ్యూటీ దిగేటప్పుడు నూనె వేస్టు పారేసే డబ్బాలో అడుగున దాన్నీ తోసేసేవాణ్ణి. ఇంజన్‌లో చిన్న కిర్రుమన్న శబ్దం వస్తే ఫిట్టరును పరుగెత్తించే నేను ఎనిమిది నెలలు ఇలా గడిపాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నా బామ్మర్ది, మా ఆవిడ తమ్ముడు, భూమి కింద డ్రిల్లు కొట్టేవాడు. దినమూ నా కేజీలోనే దిగేవాడు. ఆదివారం భోజనం మాత్రం మా ఇంట్లో. ఒక ఆదివారం సంగటి, ఉలవచారు వడ్డించింది మా ఆవిడ. నేను కంబళి నాలుగు మడతలు వేసుకుని దాని మీద కూర్చున్నాను.

"అక్కా, బావకు సింహాసనం వేసినావే!" అన్నాడు బామ్మర్ది. "డ్రైవర్లకు మొలలు లేకుంటే ప్రమోషనే ఇయ్యరంట గదా?"

వాడి నోటికి తాళం ఉండేది కాదు. మా ఆవిడ నవ్వుతూ మజ్జిగ కోసం లోపలికి పోయింది. అప్పుడు వాడు గొంతు తగ్గించాడు.

"బావా, నీకు నెత్తురేమన్నా పడతాదా?"

రేపు క్యాంటీనులో చెప్పుకుని నవ్వడానికి అడుగుతున్నాడనుకున్నాను. పైగా మా ఆవిడ వింటుందని భయం.

"ఎప్పుడో ఒగసారి. ఒంట్లో ఉడుకప్పా, ఇంగేమీ లే. మజ్జిగ తాగితే పోతాది."

"అంతేనా?"

"అంతే."

వాడు ఆ పూట మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు. ఉలవచారు కారంగా ఉందేమో అనుకున్నాను.

దొంగతనం ఎన్నాళ్లు దాగుతుంది? ఆ ఆదివారం తర్వాత నాలుగైదు నెలలకు ఒక రోజు వేస్టు పారేయడం మరిచిపోయి అలాగే ఇంటికి వచ్చాను. మా ఆవిడ బట్టలు నానబెడుతూ దాన్ని పట్టుకుంది.

"ఇంజన్ తుడిచే వేస్టు నీ నిక్కర్లో ఏంటికుండాది?"

"నూనె తుడుచుకున్నా."

"ఇది నూనా?" అని ఎర్రబడిన ముద్దను నా ముఖం ముందు పెట్టింది. "ఎన్ని దినాల నుంచి?"

ఆమె కళ్లల్లో నీళ్లు, నోట్లో నిప్పులు.

"చెబితే మానం పోతాది, చెప్పకుంటే పానం పోతాది అంటారు. నీకు మానమే ముద్దాయనా? చిక్కిపోతా ఉండావు, మెట్లెక్కితే ఆయాసపడతా ఉండావు, అడిగితే ఎండ అంటావు. ఆసుపత్రికి పోయ్యా!"

"డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే సీటు పోతాదే."

"పోతే పోనీ. నువ్వు ఆ సీట్లో కండ్లు తిరిగి పడితే? దినమూ నా తమ్ముడు నీ చేతి కింద వేలాడతా ఉండాడు. అది గ్యాపకం పెట్టుకో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా తెల్లారి డ్యూటీకే వెళ్లాను. మొండితనానికి మందు లేదు.

వెళ్లిన రోజే తాడు పరీక్ష. ఆ పరీక్ష చేసే పద్ధతి ఒకటుంది. పరీక్ష చేసే మేస్త్రీ గుప్పెడు వేస్టు తీసుకుని తాడు చుట్టూ వదులుగా పట్టుకుంటాడు. నేను ఖాళీ కేజీని మెల్లగా దింపుతాను, తాడు ఆయన చేతిలోంచి జారిపోతూ ఉంటుంది. ఎక్కడైనా ఒక్క తీగ తెగి పైకి లేస్తే దానికి నూలు చిక్కుకుంటుంది. గ్రీసు పూసిన తాడులో కంటికి కనపడనిది అలా దొరుకుతుంది. ఆ రోజు ఒక గంట కొట్టింది. ఆపాను. కాసేపటికి మేస్త్రీ చిరిగిన నూలు పోగులు పట్టుకుని ఇంజన్ గదికి వచ్చి రిజిస్టరు తీశాడు.

"ఒగ తీగేనా?" అన్నాను. "పాత తాడు గదా, అట్లనే ఉంటాది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఒగటేనా, పాతదేనా అనేది మనం చెప్పేది కాదప్పా. ఇంజనీరు చూసి చెప్పల్ల. అంతవరకు మనిషి దిగేది లే."

ఆయన చేతిలో వేస్టు. నా నిక్కరులో అదే బస్తాలోంచి తీసిన వేస్టు. చెంపదెబ్బ తిన్నట్టయింది నాకు.

ఇంజనీరు వచ్చి చూసి, తాడు నడపవచ్చని రాశాడు. షిఫ్టు మనుషులు కేజీ ఎక్కారు. మూడు గంటలు కొట్టాయి. దింపుతున్నాను. సగం లోతుకు వచ్చేసరికి ముల్లు రెండుగా కనబడింది. చెవుల్లో హోరు, అరచేతుల్లో చల్లటి చెమట. మా ఆవిడ మాట గుర్తొచ్చింది. బామ్మర్ది ఆ కేజీలోనే ఉన్నాడు. బలం కూడగట్టుకుని నెమ్మదిగా బ్రేకు పట్టాను. కేజీ చీకట్లో ఆగింది. నిమిషమో రెండో గానీ నాకు యుగంలా గడిచింది. ముల్లు మళ్లీ ఒకటయ్యాక వాళ్లను మెల్లగా అడుగుకు చేర్చాను. అందరూ దిగారని గంట వచ్చింది. అప్పుడు ఫోను తీసి ఇంకో డ్రైవరును పంపమన్నాను. "నాకు ఒంట్లో బాగలేదు, నెత్తురు పోతా ఉండాది" అని ఆ నల్లటి రిసీవరులో మొదటిసారి గట్టిగా చెప్పాను.

ఆసుపత్రిలో డాక్టరు మదనపల్లి వైపాయన, మన తెలుగే. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమన్నాడు. తొడుగు వేసుకుని వేలితో చూశాడు. ఎనిమిది నెలలు నేను భయపడి చచ్చిన ఆ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత నెత్తురు పరీక్ష, ఆ పై వారం గొట్టం పెట్టి లోపలిదాకా చూడడం. చివరికి మలద్వారం దగ్గర చీలిక, దాంతో పాటు మొలలు అని తేలింది. ఒంట్లో నెత్తురు మాత్రం బాగా తగ్గిపోయిందట. మాత్రలు, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవడం, ఆకుకూరలు, చెంబులు చెంబులు నీళ్లు. సీటు ఎక్కడికీ పోలేదు, కొన్ని వారాలు సెలవు రాశాడంతే.

"మొలలే అని నీకు నువ్వు రాసుకుంటే ఎట్లప్పా?" అని చీవాట్లు పెట్టాడు. "నెత్తురు పడితే ఒకసారి చూపించల్ల. నొప్పి లేకుండా పడేది ఒక్కోసారి ఇంకా మోసం. విరేచనం వేళలు మారినా, నల్లగా వచ్చినా, ఊరికే ఒళ్లు తగ్గినా ఆగకూడదు. ఎక్కువగా పోయి కండ్లు తిరిగితే ఆ దినమే రావల్ల."

ఇంటికి వచ్చి ఈ మాటలన్నీ గర్వంగా అప్పజెప్పాను. భయం తీరినవాడికి వాగుడు ఎక్కువ. బామ్మర్ది గడపలో కూర్చుని విన్నాడు. ఒక్క ఎకసెక్కెం ఆడలేదు. నేను ముగించాక చేతిలో ఉన్న బీడీ ఆర్పేశాడు.

"బావా, ఆ డాక్టరు రేపు ఉంటాడా?"

"ఏంటికి?"

"నాకు నొప్పి లే. ఉత్త నెత్తురే. సంవత్సరం అయింది."

మరునాడు నేనే తీసుకుపోయాను. నన్ను చీవాట్లు పెట్టిన డాక్టరు వాణ్ణి ఏమీ అనలేదు. చేతులు కడుక్కుంటూ ఎక్కువసేపు వెనక్కు తిరగలేదు. వేలికి గడ్డ తగిలిందని, వెంటనే బెంగుళూరు తీసుకుపొమ్మని చీటీ రాశాడు.

వాడు బతికాడు. పేగు కొంత కోసి తీశారు, మలం పోవడానికి పొట్ట పక్కన సంచి పెట్టారు. మళ్లీ భూమి కిందికి దిగలేదు. పైన ల్యాంపు రూములో దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే పనిలో చేరాడు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే సంచి అవసరం పడేది కాదేమో అన్నారు బెంగుళూరులో. మా ఆవిడ ఆ మాట విని నెల రోజులు ఏడ్చింది.

ఆమెకు నేను ఇప్పటికీ చెప్పనిది ఒకటుంది. బెంగుళూరులో చేర్చుకున్న రోజు అక్కడి డాక్టరు అడిగాడు, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని. మంచం పక్కన నేను నిలబడే ఉన్నాను. వాడు కోపంతో చెప్పలేదు, నా మీద నేరం పెట్టాలనీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"మా బావను అడిగినా సార్. ఉడుకు అన్నాడు, మజ్జిగ తాగమన్నాడు. దినమూ ఆయన చేతిని నమ్మే గదా కేజీ ఎక్కేది. ఇదీ నమ్మినా."