ఇంగ్లీషులోకి వెళ్లిన మా అవ్వ

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక, పుంగనూరులో మా ఇంటి పడసాలలో అందరం కూర్చుని విత్తనాలకు శెనక్కాయలు ఒలిచేవాళ్లం. బొటనవేళ్లు వాచిపోయేవి. అయినా మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మా చిన్నాయన వచ్చాడంటే ఎవ్వరం లేచేవాళ్లం కాదు. లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు నవల చూస్తూ తెలుగులో కథ చెప్పేవాడు.

ఒకసారి ఓ తెల్లదొర రాసిన నవల... మన దేశమంతా అడవి, ఏనుగు మీద రాజు, సందుకొక పాములవాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను. కుప్పం దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మా అవ్వ మాత్రం ఒలవడం ఆపకుండానే అంది.

"ఏనుగుమింద ఊరేగేదా? మా రాగిచేన్లో పడితే డబ్బాలు కొట్టి తరమలేక సస్తాంటిమి."

తర్వాత మనవాళ్లే ఒకరు ఇంగ్లీషులో రాసిన నవల. హమ్మయ్య, ఇందులో మనలాంటి ఇల్లు, మనలాంటి మనుషులు... కానీ ఊరగాయ అంటే ఏమిటో అరపేజీ వివరం.

"ఎవురికి సెప్తాండాడప్పా ఆయప్ప?" అంది అవ్వ.

చిన్నాయన నవ్వాడు. "మనకు గాదులేమ్మా. దూరదేశమోళ్లకు."

బడి తెరిచాక 'మా ఊరు' మీద ఇంగ్లీషు వ్యాసం రాయమన్నారు. బాగా రాసినదాన్ని ప్రార్థనలో అందరి ముందూ చదివిస్తారట. నాది చదివించాలని ఎంత ఆశో... ఇంగ్లీషంటే అవే ఉండాలనుకుని పుంగనూరు సంతలో పాములవాణ్ణి కూర్చోబెట్టి, బస్టాండు ముందు ఏనుగును నడిపించాను.

చిన్నాయన చదివి కాగితం తిరిగిచ్చాడు. "బాగుండాది. ఇందులో నువ్వు యాడుండావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. చించేసి మళ్లీ రాశాను. ఈసారి వాచిన వేళ్లు, డబ్బా కొట్టే అవ్వ... అంతా వచ్చీరాని ఇంగ్లీషు.

ప్రార్థనలో చదివించింది నాది కాదు. ఏడుస్తూ ఇంటికొచ్చాను. అవ్వ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం ఇంగ్లీషులోనే చదివించుకుంది. మధ్యమధ్య వచ్చే 'అవ్వ' అన్న మాట తప్ప ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదలకుండా వినింది.

"నన్ను గూడా ఇంగ్లీషులోకి తీసకపోతివి గదమ్మా" అని చెంగుతో కళ్లు ఒత్తుకుంది. నా ఏడుపు ఎటు పోయిందో!

ఇప్పుడు మనవైపు వాళ్లు కూడా ఇంగ్లీషులో రాస్తున్నారు... మన మాటల్ని ఎవరికీ వివరించకుండా అలాగే ఉంచేస్తున్నారు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. అవ్వకు చెబుదామంటే అవ్వే లేదు.

మీ ఇంటి మనుషులు మొదటిసారి మీకు ఏ పుస్తకంలో కనబడ్డారు? చెప్పండి, నేనూ చదువుకుంటాను...