బీబమ్మ కొట్టు ముందు పీట

బడి వదిలే వేళకి మా మందుల షాపు ముందు టంగుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. షట్టరు లాగే కొక్కెం కడ్డీతో మా నాన్న గుమ్మం పక్కనున్న ఇనప స్తంభం మీద ఒక్కటి వేస్తాడు. చేతిలో ఎవరి మందుల చీటీ ఉన్నా సరే, నా తల రోడ్డు వైపు తిరిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు "ఏటండీ ఈ గోల?" అని విసుక్కుంటారు. వాళ్లకి బీబమ్మ తెలీదు. తెలిసుంటే వాళ్లూ తల తిప్పి చూసేవారు.

ఆవిడ అసలు పేరు రహీమా బీబీ. అనకాపల్లిలో మా వీధి చివర గాజుల కొట్టు ఆవిడది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు వీధుల అవతలికి వినపడేది. కొత్త అమావాస్య జాతర వచ్చిందంటే ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నీ ఆవిడ చేతుల్లోనే ఉండేవి. గాజు చిట్లకుండా ఎక్కాలంటే చెయ్యి బిగదీయకూడదు. బిగదీయకుండా ఉండాలంటే మనిషిని మాటల్లో పెట్టాలి. అందుకని మొగుడి కోపం నుంచి పిల్లాడి జలుబు దాకా అన్నీ అడిగేది. అలా చుట్టుపక్కల ఏ ఇంటి ఆడమనిషయినా ఆవిడకి తెలుసు.

నేను పదో తరగతిలో ఉండగా, ట్యూషన్ నుంచి వస్తున్న నా స్నేహితురాలి చెవి దుద్దుని బండి మీద వచ్చిన ఇద్దరు లాక్కుపోయారు. చెవి తమ్మె తెగి గౌనంతా రక్తం. కొన్నాళ్లకే ఇంకో పిల్లాడి ఫోను పోయింది. మా అమ్మ తేల్చి చెప్పేసింది. "బతికుంటే బలుసాకు తినొచ్చు. ఆ ట్యూషనూ వద్దు, ఏటీ వద్దు." లెక్కల్లో నేను ఎంత ఘనురాలినో నాకు తెలుసు. ట్యూషన్ మానేస్తే పది తప్పుతాను, తప్పితే ఇక చదువు అటకెక్కినట్టే. మా పెద్దమ్మ కూతురి చదువు అలాగే ఆగిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ గాజులు వేయించుకుంటూ ఈ సంగతి చెబితే బీబమ్మ చెయ్యి ఆగిపోయింది. "పిల్లని ఇంట్లో ఎట్టి తాళం వేత్తే, బజారు దొంగకి రాసిచ్చీసినట్టే కదమ్మా!" అంది. ఆ సాయంత్రమే కొట్టు కొట్టుకీ తిరిగింది. బడి, ట్యూషన్ వదిలే వేళల్లో అందరూ గుమ్మంలోకి వచ్చి నిలబడాలి. పిల్లలు తమ కొట్టు దాటగానే కడ్డీతో స్తంభం మీద కొట్టాలి, అది విని తర్వాతి కొట్టువాడు బయటికి రావాలి. తన కొట్టు ముందు ఒక ముక్కాలి పీట వేసింది. భయమేసిన పిల్లలు ఎవరైనా వచ్చి దాని మీద కూర్చోవచ్చు.

"బేరాలొగ్గీసి పిల్లల్ని కాయమంటావేటి బీబమ్మా?" అని చెప్పుల కొట్టు సూరిబాబు నసిగాడు.

"బేరం మళ్లీ వత్తాది సూరిబాబూ. తెగిన సెవి మళ్లీ వత్తాదేటి?"

మర్నాటి నుంచి సూరిబాబూ కడ్డీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా అమ్మా మెత్తబడింది. టంగు టంగుమంటూ ఆ చప్పుడు నాకు ముందుగా నడుస్తుంటే, పెళ్లికూతుర్ని మేళతాళాలతో తీసుకెళుతున్నట్టు ఉండేది. నేను సిగ్గుపడేదాన్ని, లోపల మాత్రం ధీమాగా ఉండేది.

ఇంత చేసిన మా వీధి ఒక్క పొరపాటు చేసింది. అప్పట్లో మా నాన్నకి పరవాడలో కంపెనీ పని. కంపెనీ బస్సెక్కి చీకటితో వెళ్లి చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఒకరోజు తొందరగా వదిలారు. దుమ్ము పడక ముక్కుకి రుమాలు కట్టుకుని వస్తున్నవాడు ట్యూషన్ దారిలో నన్ను చూశాడు. నేను బరువు మోస్తున్నానని వెనకనుంచి నా బ్యాగు పట్టి లాగాడు. నేను కెవ్వుమన్నాను. బీబమ్మ కడ్డీ ఆగకుండా మోగింది. క్షణంలో వీధంతా ఆయన మీద పడింది. "మా నాన్న! మా నాన్న!" అని నేను గొంతు చించుకున్నా ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. వినపడేసరికి చొక్కా చిరిగింది, సూరిబాబు చెయ్యి నాన్న చెంప మీద పడింది.

ఇంటికొచ్చాక నాన్న అన్నం ముట్టలేదు. "రేపట్నుంచి ట్యూషన్ లేదు" అన్నాడు, అంతే. ఈసారి దొంగల వల్ల కాదు, నన్ను కాపాడినవాళ్ల వల్లే నా చదువు ఆగిపోతోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా నాకు తెలియలేదు.

తెల్లారేసరికి బీబమ్మ మా గుమ్మంలో ఉంది. వెనక తలొంచుకుని సూరిబాబు.

"కొట్టినోడ్ని తెచ్చేను అన్నయ్యా. తిరిగి కొడతానంటే కొట్టండి" అంది.

నాన్న సూరిబాబు వైపు చూడనైనా చూడలేదు. ఆవిడే గడప మీద కూలబడింది. "మాది రెండు తప్పులు. ముందు పిల్లనడగాల, అడగలేదు. ఈ ఈధిలో ఆడోళ్లందర్నీ ఎరుగుదును, గాజులకొత్తారు కాబట్టి. మగోళ్ల మొహాలు ఎరగను. మనూరి మనిషిని మనమే దొంగన్నాం" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చీకట్నే పోయి చీకటికే వత్తాను. నా మొహం మీకెలా తెలుత్తాది?" అన్నాడు నాన్న. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

"అందుకే సెలవునాడు వచ్చి మా కొట్టు ముందు కూకోండి. ఈధి మిమ్మల్ని సూడాల. పిల్లని మాత్రం ఆపకండి."

నాన్న లేచి నా బ్యాగు తెచ్చి చేతికిచ్చి, "లెక్కల పుస్తకం మర్సిపోకు" అన్నాడు నాతో. ఆ సెలవు రోజున ఆయన నిజంగానే వెళ్లి పీట మీద కూర్చున్నాడు. సూరిబాబు టీ తెచ్చిచ్చాడు. తర్వాత పరవాడ బస్సెక్కే మిగతా మగవాళ్లనీ నాన్నే ఒక్కొక్కరిగా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. నేను పది గట్టెక్కాను, ఆ తర్వాతవీ గట్టెక్కి ఈ మందుల షాపు పెట్టాను. కంపెనీ పని మానేశాక నాన్నా ఇక్కడే నాతో ఉంటున్నాడు. ఆ దొంగలు దొరికారో లేదో మాకు తెలీదు కానీ, మా వీధిలో మళ్లీ ఏ పిల్ల చెవీ తెగలేదు.

బీబమ్మ పోయాక ఆవిడ కొడుకు పీటనీ కడ్డీనీ మా షాపుకి తెచ్చిచ్చాడు.  పిల్లల సంగతి ఏదొచ్చినా ముందు పిల్లల్నే అడగడం నాకు ఆవిడ దగ్గరే అలవాటయింది.

మొన్న ఒక కొత్త మనిషి, కంపెనీ బస్సు దిగి వచ్చినట్టున్నాడు, మా షాపు ముందే ఒక చిన్నపిల్ల బ్యాగు లాగుతున్నాడు. పిల్ల వదలడం లేదు. కొట్లలోంచి మనుషులు దిగారు. నాన్న చెయ్యెత్తి అందర్నీ ఆపి, పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఈయనెవులు?"

"మా డాడీ. బ్యాగు నేనే మోత్తానంటే ఇవ్వట్లేదు."

నాన్న ఒక్కసారిగా నవ్వాడు. పీట లాగి అతని ముందు వేశాడు. "కూకో బాబూ. కాసేపు కూకో."

అతను అయోమయంగా కూర్చున్నాడు. నేను కడ్డీ అందుకుని స్తంభం మీద ఒక్కటి వేశాను. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి అతని మొహం చూశారు.